ఇప్పలపుట్టులో మూడో గర్భిణి

సుక్రు పెళ్లాన్ని మట్టిచేసి వచ్చిన రోజు నుంచి అచ్చియమ్మ ఇంటి ముందు మనుషుల రాకపోకలు తగ్గిపోయాయి. ఇప్పలపుట్టులో ఉన్నవి ముప్పై గడపలు. ఆ ఇళ్లలో పుట్టిన పిల్లల్లో సగానికి పైగా మొదట పడింది ఆ మంత్రసాని చేతుల్లోనే. ఇప్పుడు ఆడవాళ్లు కుళాయికి పోవాలన్నా ఆమె గడప తప్పించి, ఊరి వెనక బురదలోంచి చుట్టు తిరిగి పోతున్నారు.

అచ్చియమ్మ కోడలు సోములమ్మ ఆ ఊరి ఆశా కార్యకర్త. ఆశ్రమ పాఠశాలలో పదో తరగతి వరకు చదివింది. మొగుడు విశాఖలో మేడలు కట్టే పనికి పోయి ఏడాదిలో రెండుసార్లు వస్తాడు. ఇంట్లో ఉండేది అత్తాకోడళ్లే.

ఆషాఢంలో ఒక గర్భిణి పోయింది. శ్రావణంలో సుక్రు పెళ్లాం. ఇద్దరికీ ఏడు నెలలు దాటాయి. ఇద్దరికీ ముందు జ్వరం, వాంతులు, ఆ తర్వాత కళ్లు పచ్చబడటం, చివర్లో మనుషుల్ని గుర్తుపట్టలేకపోవడం. ఇద్దరి కడుపులూ పట్టి చూసింది అచ్చియమ్మే. ఊరికి ఆ ఒక్క ముక్క చాలింది.

చిల్లంగి, అంటే చేతబడి, అన్న మాట ఎవరూ పైకి అనలేదు. అననందుకే సోములమ్మకు ఎక్కువ భయం వేసింది. ఆమె చిన్నతనంలో గెడ్డ అనే కొండవాగు అవతలి ఊళ్లో ఒక ముసలాయన ఉండేవాడు. చేతబడి చేశాడని ఊరంతా కలిసి ఆయన పళ్లు పీకేశారు. నోట్లో పళ్లు లేకపోతే మంత్రం పలకదని నమ్మకం. ఆ తర్వాత పదేళ్లు బతికాడాయన, గంజి నీళ్లు జుర్రుకుంటూ, ఎవరితోనూ మాట్లాడకుండా.

నెలకోసారి రోడ్డు దగ్గరికి వచ్చే నర్సు హేమలతకు సోములమ్మ అంతా చెప్పింది. హేమలతది మైదాన ప్రాంతం. ఆవిడ చేతికింద ఇలాంటి ఊళ్లు పద్దెనిమిది.

"ఎన్నిసార్లు చెప్పాలి సోములమ్మా? నీళ్లు కాచి తాగమంటే మీవాళ్లు వినరు. ఆఖరి నిమిషంలో ఆసుపత్రికి తెస్తారు."

"ఆఖర్ని కాదు మేడమ్. బేగినే తీసుకొచ్చేం. ఒక ఆసుపత్రోళ్లు ఇంకో ఆసుపత్రికి రాసేరు. సుక్రు పెళ్లాం ఆటోలోనే పోనాది."

హేమలత తల ఊపి, కాగితం మీద 'కుటుంబం ఆలస్యం చేసింది' అని రాసుకుంది. తలకిందులుగా ఉన్నా సోములమ్మ ఆ అక్షరాలు చదవగలిగింది. మెడికల్ క్యాంపు ఎప్పుడంటే, ఘాట్ రోడ్డు మీద పడ్డ బండలు తీశాక అంది హేమలత.

మర్నాడు పొద్దున్నే సోములమ్మ కొండెక్కింది. ఊరి కుళాయిలోకి నీళ్లు పైనున్న ఊటలోంచి పైపులో దిగుతాయి. కొన్నాళ్లుగా ఆ నీళ్లు నోట్లో పోసుకుంటే ఏదో తేడాగా ఉంటోంది. వానలవల్లేమో అనుకుంది. ఊట దాటి ఇంకా పైకెళితే కొండ కొమ్ము. పోయిన కార్తీకంలో అక్కడ గుడారాలు లేచాయి. మబ్బులు చూడ్డానికి టౌన్ల నుంచి కార్లలో వస్తారు. గుడారాల వెనక నీలం రంగు మరుగుదొడ్లు, వాటికింద యంత్రంతో తవ్విన గొయ్యి. వానకు ఆ గొయ్యి నిండి, పొంగి, నల్లటి చారలా కిందికి జారుతోంది. సోములమ్మ ఆ చార వెంట కళ్లతోనే దిగింది. అది నేరుగా ఊటలోకే పోతోంది.

ఆమె ఫోను తీసి ఫొటో తీస్తుంటే కాపలావాడు వచ్చాడు. సాలూరు వైపు మనిషి.

"ఏటమ్మా, ఇక్కడ తిరగకూడదు. సార్లు తీసుకునే ఫొటోల్లో బయటి మనుషులు పడకూడదని చెప్పేరు."

"బయటి మనుషులేటి? ఆ కింద కనపడేది మా ఊరే."

"నాకేటి తెలుసమ్మా, సెప్పమన్నది సెప్పేను."

సిగ్నల్ ఆ కొమ్ము మీదే వస్తుంది. అక్కడి నుంచే ఫొటో హేమలతకు పంపింది. 'పైవాళ్లకు పెడతాను' అని జవాబు వచ్చింది.

దిగి వస్తుంటే దారిలో జయశ్రీ ఎదురుచూస్తోంది. సుక్రుకి ఒక్కతే చెల్లెలు. అరకులో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతుండగా పెళ్లయింది. తొలి కానుపుకి పుట్టింటికి వచ్చింది. ఎనిమిదో నెల.

"వదినా, అన్న సంత నుంచి కొత్త పట్టకారు తెచ్చినాడు. ఎందుకని అడిగితే మాటాడ్డు. రేపు మద్దేనం బడికాడ అందర్నీ రమ్మన్నారట. అచ్చియమ్మ పెద్దమ్మని ఈ పూటే ఎటైనా పంపించీ."

అంటూ జయశ్రీ ముఖం పైకెత్తింది. అప్పుడు చూసింది సోములమ్మ. ఆ పిల్ల కళ్లలో తెల్లగుడ్డు పచ్చగా ఉంది.

"జొరం ఎన్నాళ్ల నించి?"

"నాల్రోజులు. ఏటీ తినబుద్ధి కాలేదు. ఎందుకొదినా అలా సూత్తన్నావు?"

ఈ సంగతి బయటపడితే అత్త బతకదు. దాస్తే జయశ్రీ బతకదు. ఆ సాయంత్రమే సోములమ్మ సుక్రు ఇంటికి వెళ్లి ఆసుపత్రి మాట ఎత్తింది. సుక్రు చెల్లెల్ని చూశాడు, సోములమ్మను చూశాడు. "మరో పీనుగుని ఆటోలో మొయ్యలేనొదినా. ముందు ఊళ్లో ఉన్నది పోవాల" అని తలుపు వేసేశాడు.

మర్నాడు మధ్యాహ్నం మూతపడిన బడి వరండాలో ఊరంతా చేరింది. పిల్లలు చాలరని రెండేళ్ల కిందట ఆ బడి తీసేశారు. దిశారి యర్రయ్య బియ్యం గింజలు పేర్చి లెక్క చూశాడు. ముహూర్తాలు పెట్టేదీ, కీడు చూసేదీ ఊరికి ఆయనే. చాలాసేపు చూసి, "బయటి గాలి కాదు. లోపలి సెయ్యే" అన్నాడు. అందరి తలలూ అచ్చియమ్మ వైపు తిరిగాయి. ఆమె స్తంభానికి ఆనుకుని కూర్చుంది.

సోములమ్మ లేచి ఫోను చూపించింది. గొయ్యి గురించి, ఊట గురించి చెప్పింది. కొందరు చూశారు. ఒకరిద్దరు నిజమేనన్నట్టు గొణిగారు. అప్పుడు సుక్రు అడిగాడు.

"ఆ నీల్లు నానూ తాగేను. నాకూ కల్లు పచ్చబడ్డాయి, పది రోజుల్లో తగ్గిపోనాది. మగోల్లం ఎవులం సావలేదు. కడుపుతో ఉన్నోల్లే ఎందుకు సచ్చేరు? సెప్పొదినా."

సోములమ్మకు తెలియదు. నీళ్లు కాచుకోవాలని శిక్షణలో చెప్పారు, చేతులు కడుక్కోవాలని చెప్పారు. ఇది మాత్రం ఎవరూ చెప్పలేదు. వెనక వరసలోంచి ఒక మగమనిషి లేచి వెళ్లి గేటుకు అడ్డంగా నిలబడ్డాడు.

అప్పుడు మాట్లాడింది అచ్చియమ్మ.

"సుక్రూ, నీ సెల్లి కల్లు నానూ సూసేను. దాన్ని ఇప్పుడే కిందకి దించు. పెద్దాసుపత్రికి తీసుకెల్లు. నానీ వరండా దిగను. అది బతికొత్తే నన్నొగ్గీండి. రాకపోతే మీరేటి సేత్తారో సేసుకోండి."

"అత్తా!" అంది సోములమ్మ.

"నువ్వూ ఎల్లు. కాగితాలు సదవడానికి ఒకరుండాల" అంది ముసలామె, కోడలి వైపు చూడకుండా.

నులకమంచానికి కర్ర కట్టి సుక్రు, మరో ముగ్గురు జయశ్రీని మోసుకుంటూ దిగారు. ఈసారి సోములమ్మ దారిలో ఆలస్యం కానివ్వలేదు. దారిలోని ఆసుపత్రివాళ్లు ఇంకోచోటికని రాయబోయిన కాగితం అందుకోకుండానే అంబులెన్సు ఎక్కించి పెద్దాసుపత్రికి పట్టించింది.

అక్కడి డాక్టరమ్మ జయశ్రీ కళ్లు చూసి అడిగింది. "మీ ఊళ్లో ఇంకెవరికైనా గర్భిణులకు ఇలా వచ్చిందా?"

"ఇద్దరు పోయేరమ్మా."

డాక్టరమ్మ చేతిలో పెన్ను ఆగింది. "మలం కలిసిన నీళ్లతో వచ్చే కామెర్లు ఇవి. మామూలు మనుషులకు వచ్చి పోతాయి. కడుపుతో ఉన్నవాళ్లకు, అందులోనూ నెలలు నిండుతున్నవాళ్లకు, ప్రాణం మీదికి వస్తుంది."

సోములమ్మ సుక్రు చెయ్యి పట్టి ముందుకు లాగింది. "అమ్మా, ఆ మాట ఇంకోపాలి సెప్పండి. ఈయనకి సెప్పండి."

డాక్టరమ్మ మళ్లీ చెప్పింది. సుక్రు చివరిదాకా విన్నాడు. "ఇది మీ అందరికీ ముందునించీ తెలుసా?" అన్నాడు.

"వైద్యం చదివినవాళ్లందరికీ తెలుసు."

సుక్రు గోడకు చేరగిలబడి అలాగే కిందికి జారి కూర్చున్నాడు. పెళ్లాం పోయినప్పుడు ఏడవనివాడు అక్కడ, చెప్పుల స్టాండు పక్కన, నోట్లో తువ్వాలు కుక్కుకుని ఏడ్చాడు.

మూడో రోజు జయశ్రీకి చచ్చిన బిడ్డ పుట్టింది. తల్లికి గండం గడిచిందని చెప్పేసరికి మరో పూట పట్టింది. అప్పుడు సోములమ్మ చుట్టూ చూసుకుంది. మంచం మోసినవాళ్లలో ఒకడు కనిపించలేదు. బిడ్డ పోయిందని తెలియగానే ఊరికి బయల్దేరాడట. తల్లి బతికిందన్న మాట వాడికి తెలియదు. ఊళ్లోకి ఫోను కలవదు.

జయశ్రీని కబురంది వచ్చిన ఆమె భర్తకు అప్పగించి ఇద్దరూ జీపెక్కారు. రోడ్డు దగ్గర దిగాక సుక్రు పరుగు అందుకున్నాడు. సోములమ్మ కొంగు బిగించి వెనకే ఎక్కింది. మామూలుగా ఊరి ముందు మలుపు తిరిగితే కోళ్లు, కుక్కలు, రోళ్ల చప్పుడు వినిపిస్తాయి. ఆ రోజు ఏమీ వినిపించలేదు.

బడి వరండాలో మగవాళ్లు గుంపుగా నిలబడి ఉన్నారు. మధ్యలో అచ్చియమ్మ. చేతులు వెనక్కి విరిచి స్తంభానికి కట్టేశారు. నాలుగు రోజుల్లో ఎవరూ ఆమెకు తిండి పెట్టలేదు. ఒకడు ఆమె గడ్డం పైకెత్తి నోట్లో పట్టకారు పెట్టబోతున్నాడు. సుక్రు వాణ్ని తోసేసి తాడు విప్పాడు. అక్కడే నిలబడి, రొప్పుతూ, డాక్టరమ్మ మాట ఉన్నదున్నట్టు చెప్పాడు. చెల్లెలు బతికిందన్నాడు. తన పెళ్లాన్ని చంపింది కొండమీది గొయ్యి అన్నాడు. పెళ్లాం పోయినవాడు చెప్పాడు కాబట్టి విన్నారు. యర్రయ్య తుండు దులుపుకుని వెళ్లిపోయాడు. ఒక్కొక్కరే జారుకున్నారు. అచ్చియమ్మతో ఎవరూ ఒక్క మాట అనలేదు.

తర్వాత అధికారులు వచ్చారు. సీసాల్లో నీళ్లు పట్టుకుని పోయారు. కుళాయికి తాళం వేసి, వేరే ఏర్పాటు చేస్తామన్నారు. పై గొయ్యిని ఇరవై అడుగులు పక్కకి జరిపారు. ఇప్పలపుట్టు ఆడవాళ్లు కింద గెడ్డ నుంచి నీళ్లు మోస్తున్నారు.

అచ్చియమ్మ వారం రోజులు మంచం దిగలేదు. లేచిన రోజున బట్టలు మూటకట్టుకుని ఒడిశా వైపు తన పుట్టిన ఊరికి నడిచి వెళ్లిపోయింది. సోములమ్మ కాళ్లు పట్టుకున్నా ఆగలేదు. కార్తీకంలో సుక్రు వెళ్లి ఆమె గుమ్మం ముందు ఒక పగలంతా కూర్చున్నాడు. ఆమె కంచంలో అన్నం పెట్టింది, మంచినీళ్లు ఇచ్చింది. రమ్మన్నప్పుడు మాత్రం లోపలికి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకుంది.