మాట అందించే మనిషి

ఉప్పునీళ్ళు పుక్కిలించి ఉమ్మేశాక గానీ, ఇప్పుడు తనకా పని లేదన్న సంగతి ఆమెకి గుర్తు రాలేదు. రోజూ ఇంతే. చెయ్యి దానంతటదే ఉప్పు డబ్బా వెతుక్కుంటుంది, గొంతు దానంతటదే గరగరమంటుంది. అద్దంలో చూసుకుంది. చెంపల దగ్గర నెరిసిన వెంట్రుకలు, మెడ మీద నిలువునా ఉబ్బిన రెండు నరాలు. అరిచి ఉబ్బినవి కావవి. అరవకుండానే షూటింగ్ షెడ్డు మొత్తానికీ వినపడేలా మాట్లాడీ మాట్లాడీ ఉబ్బినవి.

"డాక్టరమ్మగారూ! తమరు బయటికొస్తే మాలాంటి రోగులం లోపలికొస్తాం" అంది వదిన తలుపవతల నుంచి.

"వస్తున్నా వదినా."

"మీ అన్నయ్యకి తెల్లవార్లూ దగ్గే. ఇంట్లో డాక్టరుని పెట్టుకుని మందుల షాపుకి పోవాల్సొస్తోంది. ఎవరికి చెప్పుకోను!"

యూనివర్సిటీలో పీహెచ్‌డీ సీటొచ్చిన రోజు మొదలైన హాస్యం ఇది. వదినకింకా పాతబడలేదు. టీవీ సీరియళ్ళు ఎలా తయారవుతాయో పరిశోధన చెయ్యడానికి ఒకరిని తీసుకుంటామనీ, చదివినన్నాళ్ళూ నెలనెలా భృతి ఇస్తామనీ ప్రకటన వచ్చింది. భృతి ఇచ్చేది ఒక టీవీ ఛానల్. దూరవిద్యలో ఎమ్మే పూర్తి చేసి, సెట్టు మీద ప్రాంప్టింగ్ చెప్పుకునే తనకి ఆ సీటొస్తుందని ఎవరూ అనుకోలేదు, ఆమెతో సహా. షరతు ఒకటే. చదువు అయ్యేదాకా వేరే పని చెయ్యకూడదు. అలా, ఏ షెడ్డులో నిలబడి మాట అందించిందో అదే షెడ్డులో కుర్చీ వేసుకుని కూర్చుని చూడటం ఆమె పనైంది.

ప్రాంప్టింగ్ అంటే బ్రహ్మవిద్యేం కాదు. రోజూ వచ్చే సీరియల్లో డైలాగులు బట్టీ పట్టే తీరిక నటులకి ఉండదు. కెమెరా పక్కన ఒక మనిషి నిలబడి కాగితం చూసి మాట పలికితే, వాళ్ళు అందుకుని పలుకుతారు. తర్వాత డబ్బింగ్ గదిలో గొంతులు కొత్తగా పెట్టి, షెడ్డులో వినిపించిందంతా తుడిచేస్తారు. అత్త మాటా, కోడలి మాటా, దొంగ మాటా, జడ్జి మాటా ముందు ఆమె నోట్లోంచే వచ్చాయి. ఒక్కటీ ఎక్కడా మిగల్లేదు. అందించే మాటలో ఏడుపూ కోపమూ ఉండకూడదు, ఉంటే నటులు దాన్నే పట్టుకుంటారు. ఉప్పూ కారం లేని గొంతు కావాలి. ఆమెది అలాంటిదే. నాటకాల్లో తెర చాటునుంచి మాట అందించిన నాన్న "నీది అచ్చం నా గొంతే" అన్నాడు గానీ, అది మెచ్చుకోలో జాలో ఆమెకి ఇప్పటికీ తెలియదు. వయసులో ఉన్నప్పుడు సంబంధం మాట్లాడటానికొచ్చిన ఒకాయన "అమ్మాయికి ఇష్టం లేనట్టుంది, మాటలో ఎక్కడా ఉత్సాహం లేదు" అని లేచి వెళ్ళిపోయాడు. ఆమెకి చాలా నచ్చాడు ఆ మనిషి.

సెట్టు మీద అందరికీ ఆమె గొంతక్క.

బస్సు దిగి షెడ్డులోకి వెళ్ళేసరికి షూటింగ్ మొదలైంది. పెద్ద ఇంటి హాలు సెట్టు. ఎక్కితే ఎక్కడికీ పోని మెట్లు, తెరిస్తే ప్లైవుడ్ గోడ కనిపించే తలుపులు. సోఫాలో బామ్మగారు కూర్చుని ఉంది. సీరియల్లో ఆవిడ ఆ ఇంటికి పెద్ద. బయట కూడా అందరూ బామ్మగారనే పిలుస్తారు. తెల్ల జరీ చీర, నున్నగా దువ్విన తల, ఒళ్ళో రెండు చేతులు.

కెమెరా పక్కన ప్రాంప్టింగుకి కొత్తగా వచ్చిన అమ్మాయి కాగితం చూసి గడగడా చదివింది. "ఈ ఇంటి గడప దాటి నువ్వు బయటికి వెళ్ళిన రోజున నేనెంత ఏడ్చానో ఆ గోడలకి తెలుసు."

"ఈ ఇంటి గడప..." అంది బామ్మగారు. ఆగింది. కళ్ళు కెమెరా కిందకి వెళ్ళాయి. "గడప... నువ్వు..."

"కట్. బామ్మగారూ, మళ్ళీ."

మళ్ళీ అదే. ఇంకోసారీ అంతే. కోడలి వేషం వేసే ఆవిడ ముఖానికి విసనకర్ర ఊపుకుంటూ, "బామ్మగారు గడప దాటేలోపల మేం ఇళ్ళకి పోయి వంట చేసుకుని రావచ్చు" అంది. లైట్ల దగ్గర ఎవరో కిసుక్కుమన్నారు. బామ్మగారు కూడా నవ్వింది, దేనికో తెలియకపోయినా.

పక్కన కుర్చీలో కూర్చున్న గొంతక్క పెదాలు కదులుతున్నాయి. ఈ ఇంటి గడప దాటి. ఆగాలి. నువ్వెళ్ళిన రోజున. ఆగాలి, ఆవిడ ఊపిరి తీసుకునేదాకా. మతిమరుపు బామ్మగారికి ఎప్పుడో మొదలైంది. ఉండే ఒంటిగదిలో స్టవ్ ఆర్పడం మర్చిపోతుంది, వీధి మలుపు మర్చిపోతుంది. ఈ సెట్టులో మాత్రం ఏ తలుపు ఎటు తెరుచుకుంటుందో మర్చిపోదు. ఆవిడ్ని పేరుపెట్టో వరసపెట్టో పిలిచే మనుషులు ఇక్కడ తప్ప ఇంకెక్కడా లేరు. ఆ సంగతి తెలిసే, గొంతక్క మాటల్ని తుంచి తుంచి, ఎవరికీ అనుమానం రాకుండా అందిస్తూ ఆవిడ్ని ఇన్నాళ్ళూ నిలబెట్టింది. తను చదువుకి వెళ్ళిపోయాక ఆవిడ ఎన్నాళ్ళు నిలబడుతుందన్నదే భయం.

షాట్ల మధ్యలో డైరెక్టర్ టీ తాగుతుంటే దగ్గరికెళ్ళింది. ఆమెకంటే చిన్నవాడు, ఆమె కళ్ళముందే అసిస్టెంటుగా చేరినవాడు.

"బామ్మగారికి నేను చెప్తాను బాబూ. ఆవిడ సీన్ల వరకే. ఊరికే చెప్తాను, పని కింద కాదు."

"మీరెందుకక్కా? మీరిప్పుడు పెద్ద చదువులోకి వెళ్ళారు. హాయిగా కూర్చోండి." టీ ఊదుకున్నాడు. "ఎలాగూ మధ్యాహ్నం సీన్లో ఆవిడకి మాటల్లేవు. ఆసుపత్రి సీను. అయిపోయింది ఆవిడ క్యారెక్టర్."

"అయిపోవడమేంటి?"

"పోతుందక్కా. పోగొడుతున్నాం. ఛానల్ ఆయన ఫోన్ చేశాడు. మీ యూనివర్సిటీలో మీరేదో బ్రహ్మాండంగా మాట్లాడారటగా? అది విని, ఒక్కో మాటా ముక్కలు చేసి నోట్లో పెట్టాల్సిన మనిషిని ఇంకా ఎందుకు లాగుతున్నారయ్యా అని నన్ను దులిపేశాడు. నిజం చెప్పాలంటే మాకే తట్టలేదు. రోజూ ఆలస్యం ఎందుకవుతోందా అని జుట్టు పీక్కుంటున్నాం." గ్లాసు పక్కన పెట్టాడు. "ఆవిడకి చెప్పకండి. ఏడుస్తుంది, షాట్ పాడవుతుంది. తర్వాత మేనేజర్ చెప్తాడు."

ఆమె కుర్చీలోకి వచ్చి కూర్చుంది.

యూనివర్సిటీ సెమినార్ హాలు కళ్ళముందు కదిలింది. మైకు ముందు నిలబడటం అదే మొదటిసారి. పేరు చెప్పలేదు. "ఒక పెద్ద నటి" అంది, అంతే. మాటని ఎక్కడ తుంచాలో, ఎంతసేపు ఆగాలో, ఆ ముఖంలో ఏ మార్పు చూసి తర్వాతి ముక్క అందించాలో చేసి చూపించింది. గైడు మేడమ్ కళ్ళు మెరిశాయి. ముందు వరసలో కూర్చున్న ఛానల్ ఆయన "ప్రతి మాటకీ ఇలాగేనా?" అని అడిగితే, "ప్రతి మాటకీ" అంది గర్వంగా. అందరూ చప్పట్లు కొట్టారు. ఆమె బతుకులో అవే మొదటి చప్పట్లు. ఇంటికొచ్చి వదినకి చెప్పింది కూడా.

పెద్ద నటి అంటే ఆ సీరియల్లో ఇంకెవరున్నారు?

భోజనాల వేళ బామ్మగారు పక్కన కుర్చీ లాగించుకుని కూర్చుంది.

"తిన్నావుటే?"

"తిన్నానండీ."

"ఈ పిల్ల రైలుబండి నడుపుతోందే తల్లీ. నేను ఎక్కేలోపలే వెళ్ళిపోతోంది. నువ్వైతే ముద్దలు కలిపి పెట్టినట్టుండేది." గొంతు తగ్గించింది. "చదువెప్పుడైపోతుంది?"

"అవుతుందండీ. ఇంకొన్నాళ్ళు."

"తొందరగా కానియ్యి. అందాకా ఎలాగో నెట్టుకొస్తాలే. మధ్యాహ్నం నాకు మాటల్లేవట! పడుకోవడమేనట! ముసలిదాన్నని కనికరించారు." సంతోషంగా డబ్బా మూత తీసింది. "మా గురించి ఏం రాస్తున్నావే, చెడ్డగా రాయట్లేదు కదా?"

ఇప్పుడు చెప్పొచ్చు. చెప్పడానికి మాటలు కూడా కూడదీసుకుంది. ఇన్నేళ్ళూ ఎవరో రాసిన కాగితం చూసి చెప్పిన నోరు, కాగితం లేకపోయేసరికి కదల్లేదు.

"మంచిగానే రాస్తున్నానండీ."

"తిన్నావుటే?" అంది బామ్మగారు, అన్నం కలుపుతూ.

షెడ్డు మూలన మూడు గోడలు నిలబెట్టి ఆసుపత్రి గది చేశారు. ఆకుపచ్చ తెర, ఇనుప మంచం, ఎటూ కలపని రబ్బరు గొట్టాలు. బామ్మగారిని పడుకోబెట్టి, పాలిపోయినట్టు ముఖానికి రంగు పూశారు. డైరెక్టర్ మానిటర్‌లో చూసి, "బుగ్గలు లోపలికి పోతే బావుంటుంది. కట్టుడు పళ్ళు తీయించండి" అన్నాడు. మేకప్ మనిషి తీయించి, నీళ్ళ గ్లాసులో వేసి మంచం కింద పెట్టింది. ఒక్కసారిగా ఆవిడ ముఖం చిన్నదైపోయింది.

"యాక్షన్."

బామ్మగారు కళ్ళు మూసుకుంది. అంతలోనే తెరిచి కెమెరా కింద వెతికింది. "నా మాటేది?"

"మాటల్లేవు బామ్మగారూ. కళ్ళు మూసుకోండి చాలు."

మళ్ళీ మొదలుపెట్టారు, మళ్ళీ కళ్ళు తెరిచింది. మాట అందకపోతే ఆవిడకి తను నటిస్తున్నట్టే తోచడం లేదు. దుప్పటి కింద చేతులు కంగారుగా కదులుతున్నాయి. డైరెక్టర్ టోపీ తీసి నేలకేసి కొట్టాడు. తర్వాత వెనక్కి తిరిగి, "గొంతక్కా, కొంచెం మీరు రండి" అన్నాడు.

ఆమె లేచింది. పోనని అనొచ్చు. కానీ మంచం మీద ఆ కళ్ళు ఆమెని చూసి ఊరడిల్లాయి. కెమెరా కిందికి వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చుంది. నోరు తెరిస్తే అదే గొంతు వచ్చింది, ఉప్పూ కారం లేనిది.

"కళ్ళు మూసుకోండి."

మూసుకుంది.

"పెదాలు కదపొద్దు. ఊపిరి... మెల్లగా. ఇంకా మెల్లగా." ఆగింది. ఎంతసేపు ఆగాలో ఆమెకి తెలుసు. "చేతులు వదిలెయ్యండి. తల అటు వాల్చండి. చాలు."

తల వాలింది.

"కట్! అబ్బ, ఏం వచ్చింది షాటు!" డైరెక్టర్ చప్పట్లు కొట్టాడు, మిగతావాళ్ళూ కొట్టారు. కోడలి వేషం ఆవిడ కళ్ళొత్తుకుంది. మంచం మీద బామ్మగారు లేచి కూర్చుని అందరికీ దణ్ణం పెట్టింది.

వెంటనే కారు వచ్చిందన్నారు. ఇంకో ట్రిప్పుందని డ్రైవర్ హారన్ కొడుతుంటే, మేకప్ మనిషి ఆవిడ భుజాల చుట్టూ శాలువా కప్పి హడావిడిగా నడిపించుకెళ్ళింది. గొంతక్క కారుదాకా వెళ్ళింది. అద్దంలోంచి బామ్మగారు ఆమెకేసి చూసింది, ఏదైనా అందిస్తుందేమోనని చూసే చూపు. మిమ్మల్ని తీసేశారండీ అంటే, ఆ మాటనే అందుకుని, చక్కగా, ప్రాణం పెట్టి తిరిగి పలుకుతుంది ఆవిడ. అది వినే శక్తి ఆమెకి లేకపోయింది.

"జాగ్రత్తగా వెళ్ళండి" అంది.

"జాగ్రత్తగా వెళ్ళండి" అంది బామ్మగారు, ఎంతో ఆప్యాయంగా.

కారు గేటు దాటాక గానీ, ఆ మాటలు ఎందుకంత మెత్తగా, గాలిగా వచ్చాయో ఆమెకి తట్టలేదు. గబగబా లోపలికి నడిచింది.

ఆసుపత్రి అప్పటికే లేదు. రేపు అక్కడ పోలీస్ స్టేషన్ ఉండాలట. తెర చుట్టేశారు, మంచం మోసుకెళ్ళారు. సామాన్లు చూసే ముసలాయన నేల ఊడుస్తూ, ఒక్కచోట మాత్రం చీపురు పక్కకి తిప్పి వదిలేశాడు. ఆమె వంగబోతే వారించాడు.

"అది కదపకమ్మా, బామ్మగారిది. పొద్దున్నే వచ్చి వెతుక్కుంటుంది. ఉన్నచోటే ఉంటే ఆవిడకి గుర్తుంటుంది."

నేల మీద గాజు గ్లాసులో సగానికి నీళ్ళు, అడుగున పై వరసా కింది వరసా కొంచెం ఎడంగా పడి ఉన్నాయి. వాటి సందులోంచి సన్నటి బుడగ ఒకటి పైకి లేచి, నీళ్ళ మీద కాసేపు నిలిచింది.