అసిరమ్మ గొంతు

“ఇదేమన్నా రైలా దీదీ, రుమాలు వేసి సీటు ఆపడానికి?” అని నర్సు హిందీలో గట్టిగానే అడిగింది.

రైలు కాదని త్రివేణికీ తెలుసు. కానీ చిన్నప్పటి నుంచి టాటానగర్‌కీ పలాసకీ మధ్య జనరల్ పెట్టెల్లో, కిటికీలోంచి రుమాలు విసిరి సీటు పట్టుకున్న మనిషి. పక్క కుర్చీ మీద పరిచిన రుమాలు తీయలేదు. “ఆ రహీ హై సిస్టర్, పాంచ్ మినిట్,” అంది, తనతో మందెక్కించుకునే బెట్సీ వచ్చేస్తోందని. ఆ ఐదు నిమిషాలు పొద్దుటి నుంచీ అవుతూనే ఉన్నాయి.

కీమో హాల్లో కుర్చీలు తక్కువ, జనం ఎక్కువ. చాయ్‌బాసా నుంచి, ఘాట్‌శిలా నుంచి చీకటితో బయల్దేరి వచ్చినవాళ్లు గోడవారన సంచుల మీద కూర్చుని ఉన్నారు. వాళ్లలో ఘాట్‌శిలా నుంచి వచ్చిన ఒకామె ఆ రుమాలు వంకే చూస్తోంది. ఆమె చూపు తగిలినప్పుడల్లా త్రివేణికి సిగ్గేసింది. సిగ్గుపడి ఏం చెయ్యాలి? ఈ కుర్చీ చెయ్యి జారితే బెట్సీ వంతు పోయినట్టే. మళ్లీ ఎప్పుడిస్తారో ఎవరూ చెప్పరు.

త్రివేణి గమ్హరియాలో ఒక ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో కాంట్రాక్టు మీద వంటపని చేస్తుంది. ఆసుపత్రికి వచ్చిన రోజు కూలి పోయినట్టే. బెట్సీ మాంగో పేటలో ఒక బ్యూటీ పార్లర్‌లో దారంతో కనుబొమలు తీర్చే పిల్ల, ముప్పయ్యేళ్లు కూడా నిండలేదు. ఇద్దరికీ రొమ్ములోనే జబ్బు, ఇద్దరికీ మందెక్కించేది ఒకే రోజు. మందు దెబ్బకి త్రివేణి జుట్టూ కనుబొమలూ రాలిపోయాక, ప్రతిసారీ బెట్సీ ముందే వచ్చి, ఆమెను హాలు బయట బల్ల మీద కూర్చోబెట్టి, పెన్సిల్‌తో బొమలు గీసేది. “బొమలుంటే డాక్టర్ కూడా మర్యాదగా మాట్లాడతాడు అక్కా, చూస్తూండు, దేఖ్ లేనా,” అని నవ్వించేది. ఈ వేళ త్రివేణి బోడి నుదురుతోనే లోపలికి వచ్చి కూర్చుంది.

బెట్సీ రాదేమోనన్న భయం ఆమెకు పొద్దున ఆటోలోనే పట్టుకుంది. వాళ్లకో వాట్సాప్ గ్రూపుంది, ‘చాయ్ హాజరీ’ అని. ఊళ్లో కేన్సర్ వచ్చిన తెలుగు ఆడవాళ్లంతా అందులో ఉన్నారు. కార్ఖానా ఊరు కదా, హాజరీ పిచ్చి వీళ్లకీ అంటుకుంది. పొద్దున్నే ఎవరి టీ గ్లాసు ఫొటో వాళ్లు పెట్టాలి. గ్లాసు కనబడిందంటే మనిషి లేచింది, ఒక గుక్క తాగింది అని అర్థం. కనబడకపోతే దగ్గర్లో ఉన్నవాళ్లు వెళ్లి తలుపు తడతారు. గంజి కాచి పోసేదీ వాళ్లే, వాంతులైన దుప్పట్లు ఉతికేదీ వాళ్లే. తోడబుట్టినవాళ్లు ముట్టుకోడానికి జంకిన రోజుల్లో త్రివేణి తల ఒళ్లో పెట్టుకున్నది ఈ గ్రూపు ఆడవాళ్లే.

ఈ వేళ బెట్సీ పెట్టిన ఫొటోలో టీ లేదు. గ్లాసు నిండా బురదరంగు నీళ్లు. కింద “నయీ షురువాత్, కొత్త మొదలు, ప్రభువుకు స్తోత్రం” అని రాసి ఒక పువ్వు బొమ్మ పెట్టింది. దానికి వరసగా అందరూ చప్పట్ల బొమ్మలు కొట్టారు.

ఆ నీళ్లేమిటో త్రివేణికి తెలుసు. బర్మామైన్స్‌లో మేడ మీద గది తీసుకుని దుర్గాప్రసాద్ అనే ఆయన అమ్మే పొడి అది. డబ్బా పద్దెనిమిది వందలు. వేర్ల పొడి అంటాడు, ఏ వేరో చెప్పడు. సరే, వేన్నీళ్లలో ఏదో కలుపుకుని తాగితే తాగనీ అనుకోవచ్చు. కానీ ఆయన షరతొకటి ఉంది: ఇది ఆసుపత్రి మందుతో కలవకూడదట, కలిస్తే విషమట, ముందు ఆసుపత్రి మానుకోవాలట! గ్రూపులో డబ్బు లేనివాళ్లకి తలకు కట్టుకునే స్కార్ఫులు ఉచితంగా పంచిపెట్టి, ‘అన్నయ్యగారు’ అనిపించుకుని తనూ గ్రూపులో చేరాడు. అసిరమ్మ అని గ్రూపులో ఒకామె ఎప్పుడో మైకు నొక్కి చెప్పిన మాటను, ఆమె గొంతుతోనే, నిన్న సాయంత్రం మళ్లీ గ్రూపులోకి వదిలింది ఆ అన్నయ్యగారే.

“నాను బర్మామైన్సు అసిరమ్మనమ్మా. ఆసుపత్రి మానీసినాను. పొడి తాగుతన్నాను. ఒళ్లు తేలికయిపోనాది. ఆకలేత్తంది. నిన్న సేపల పులుసుతోటి అన్నం తిన్నాను తల్లీ! మీరూ బయపడకండి.”

అసిరమ్మ అబద్ధమాడలేదు. కీమో ఆపిన కొత్తలో వాంతులు తగ్గుతాయి, నాలిక్కి రుచి తెలుస్తుంది, ఎవరికైనా బాగుపడ్డట్టే ఉంటుంది. ఆ తర్వాత ఏమైందో మాత్రం ఆ గొంతులో లేదు. దసరా వెళ్లగానే అసిరమ్మ చచ్చిపోయింది.

ఆ సంగతి గ్రూపులో ఎవరూ రాయలేదు. రాయకూడదు. గ్రూపు నడిపే జయకుమారి టీచరు పెట్టిన నియమం అది, చావు మాట ఇక్కడ రాకూడదని. ఎవరైనా పోతే ఆవిడే చడీచప్పుడు లేకుండా ఆ నంబరు తీసేసి, “ఫలానా ఆమె ఊళ్లో పిల్లల దగ్గరుంది, ఫోను వాడటం లేదు” అని రాస్తారు. తెలిసినవాళ్లు దండం బొమ్మ పెట్టి ఊరుకుంటారు, కొత్తగా చేరినవాళ్లు నమ్ముతారు. టీచరమ్మ చెడ్డమనిషి కాదు. ఈ జబ్బు తనూ పడి లేచిన మనిషి. మొదట్లో ఎవరిదో చావు వార్త చదివి ఒక పిల్ల దడుచుకుని మందుకి రావడమే మానేసిందట. ఆ దెబ్బకి, జాలితో పెట్టిన నియమం. జాలి ఎక్కడికి తెచ్చిందో చూడండి! పొడి తాగి నాలుగు ముద్దలు తిన్నవాళ్ల గొంతులన్నీ గ్రూపులో తిరుగుతున్నాయి. పొడి తాగి పోయినవాళ్ల సంగతి ఒక్కటీ లేదు. దుర్గాప్రసాద్‌కి ఇంతకన్నా ఏం కావాలి?

చివరి రోజుల్లో అసిరమ్మకు ఒళ్లు తుడిచి పుండుకు కట్టు మార్చింది త్రివేణే. ఆ గదిలో వాసనకి ఇంట్లోవాళ్లు గుమ్మంలోనే ఆగిపోయేవారు. “నాను గ్రూపులో సెప్పిన మాట తీసీమనే తల్లీ,” అని అసిరమ్మ ఆమె చెయ్యి పట్టుకుని అంది. త్రివేణి వెళ్లి టీచరమ్మకి చెప్పింది. “తీస్తే ఎందుకు తీశారని అడుగుతారమ్మా, నేనేం చెప్పను?” అన్నారావిడ. ఆ గ్రూపు కూడా లేకపోతే తన గతేమిటని భయపడి త్రివేణి నోరు మూసుకుంది.

ఫోను మోగింది. ఇన్నిసార్లు చేస్తే ఇప్పటికి తిరిగి చేసింది బెట్సీ.

“ఏటే గుంటా, ఎక్కడున్నావు? కుర్సీ ఆపుకుని కూకున్నాను, సిస్టరు తిడతంది. బేగి రా.”

“నేను రాను అక్కా. పొద్దున్న పొడి తాగేశాను. ఇప్పుడు కీమో ఎక్కిస్తే జహర్ అయిపోతుందంట.”

“ఎవులే సెప్పినారు? ఆ పెసాదేనా?”

“అక్కా, నా వేళ్లు మొద్దుబారిపోయాయి. దారం పట్టు చిక్కట్లేదు. నిన్న ఒకామె రెప్ప మీద తెగింది. పార్లర్ మాలకిన్ అందరి ముందూ తిట్టి ఇంటికి పొమ్మంది.” బెట్సీ ముక్కు చీదింది. “అబ్ ఔర్ నహీ హోగా ముఝ్‌సే. ఇంక నా వల్ల కాదు.”

“ఏళ్ల సంగతి డాక్టరుకి సెబుదుము, రా. గడ్డ సగానికి సగం తగ్గిపోనాదని, ఇంక రెండు మందులూ ఒక ఆపరేసనూ అని నా ముందరే సెప్పినాడు కాదేటే నీకు? ఇంతదూరం వొచ్చి మానుకుంతావా?”

“అసిరమ్మ ఆంటీ కూడా మానేసిందిగా. ఇప్పుడు ఊళ్లో బాగానే ఉందిగా. ఆమె నంబరివ్వు, ఒక్కసారి మాట్లాడతాను. ఆమె వెళ్లమంటే ఇప్పుడే ఆటో ఎక్కేస్తాను.”

త్రివేణి ఫోను చెవికి ఇంకా దగ్గరగా నొక్కుకుంది. “అసిరమ్మ నేదే తల్లీ,” అంది. “దసరా కాడే సచ్చిపోనాది.”

బెట్సీ కోపంగా అంది: “నన్ను రప్పించడానికి చచ్చిపోయిందని చెప్తావా? రాత్రి నేనే అడిగాను గ్రూపులో. ఊళ్లో పిల్లల దగ్గరుందని టీచర్‌గారే రాశారు. ఆమె అబద్ధం రాస్తారా? నిజమైతే ఇంతమందిలో ఒక్కళ్లైనా చెప్పేవాళ్లు కాదా?” ఫోను పెట్టేసింది.

ఆ మాట ఎదురుగా నిలబడి చెంప మీద కొట్టినట్టు తగిలింది త్రివేణికి. ఇంతమందిలో ఒక్కళ్లైనా! ఆ ఇంతమందిలో తనూ ఉంది.

నర్సు వచ్చి ఎడమచేతికి సూది గుచ్చింది. నరం దొరక్క రెండుచోట్ల పొడిచింది. ఎర్రమందు సన్నటి గొట్టంలోంచి చుక్క చుక్కగా దిగడం మొదలైంది. కాసేపటికి కడుపులో తిప్పడం మొదలెడుతుంది, ఏం మాట్లాడాలన్నా ఈలోపే. త్రివేణి కుడిచేత్తో ఫోను తీసి గ్రూపు తెరిచింది. పొద్దుటి గ్లాసులన్నీ ఉన్నాయి. స్టీలు గ్లాసు, చెవి విరిగిన కప్పు, అమ్మణ్ణి మనవరాలి బొమ్మల మగ్గు. వాటి మధ్య తన గ్లాసు. రేపటి నుంచి ఆ గ్లాసు అక్కడ ఉండకపోవచ్చు. రాత్రి ఒంటరిగా కక్కుకుంటున్నప్పుడు ఎవరూ ఫోను చెయ్యకపోవచ్చు. రాయడం ఆమెకు సరిగా రాదు. మైకు బొమ్మ మీద వేలు నొక్కి పట్టింది.

“నాను త్రివేణినమ్మా. మందెక్కించుకుంతూ మాటాడతన్నాను. అసిరమ్మ ఊళ్లో నేదు. అసిరమ్మ సచ్చిపోనాది. పొడి తాగి, ఆసుపత్రి మానీసి, సచ్చిపోనాది. ఆకలేసినాదంటే ఏసినాది, నిజిమే, నెల్లాళ్లు. ఆ తరవాత గడ్డ పగిలిపోనాది. నా సేతుల్తోటి కట్టు కట్టినాను. నాను సెప్పిన మాట తీసీమని ఏడిసినాది. మనం తియ్యనేదు. మనందరికీ తెలుసు, మనం సెప్పనేదు. పెసాదుబాబూ, సచ్చినదాని గొంతుతోటి యాపారం సేత్తన్నావు, నీకు సిగ్గు నేదేటి? బెట్సీ, నీకు దణ్ణం పెడతానే అమ్మా, రా!”

వేలు తీసేసింది. గోడవారన కూర్చున్నవాళ్లు భాష తెలియకపోయినా ఆమె వంకే చూస్తున్నారు. కళ్లు తుడుచుకుంది.

గ్రూపులో ఒకరి తర్వాత ఒకరు వింటున్నట్టు తెలుస్తోంది. జయకుమారి టీచరు ఫోను చేశారు.

“ఏం పని చేశావమ్మా త్రివేణీ? కొత్తవాళ్లు ఎంతమందున్నారు అందులో! మొన్న చేరిన లోయిస్ ఇప్పుడే ఏడుస్తూ ఫోన్ చేసింది. వెంటనే తీసెయ్యి. అందరికీ కనబడకుండా తీసెయ్యడం నీకు వచ్చుగా?”

“వొచ్చండి.”

“మరి తియ్యి. ప్రసాద్‌గారితో నేను విడిగా మాట్లాడతాను.”

“అసిరమ్మ తియ్యమన్నప్పుడు మీరు తియ్యనేదు టీచరమ్మా. నా మాట నాను తియ్యను.”

“నియమం తప్పితే ఎవరినైనా ఉంచలేను. నా మీద కోపం తెచ్చుకోకు.”

“కోపం నేదండి,” అంది త్రివేణి. ఆమెకు నిజంగానే ఏడుపు వస్తోంది. “నాకు జొరం వొచ్చినపుడు మీరు రాత్రంతా కూకున్నారు, నాను మరిసిపోనాననుకోకండి. కానీ తియ్యనండి.”

ఫోను పెట్టేసేసరికి గ్రూపులో అమ్మణ్ణి ఒక ముక్క రాసి ఉంది: “మా ఒదిన కూడా. అదే పొడి.” దాని కింద ఇంకెవరో ఏదో రాస్తున్నట్టు గుర్తు కదిలింది. అదేమిటో త్రివేణి చూడలేకపోయింది. ఆమెను గ్రూపులోంచి తీసేసినట్టు అడుగున అక్షరాలు వచ్చాయి.

తల వెనక్కి వాల్చింది. ఫోను మళ్లీ టింగుమంది. ఈసారి బెట్సీ, విడిగా, హిందీ కలిపి రాసింది. “అక్కా, సచ్ బోలో, నిజం చెప్పు. చివరిదాకా పొడి తాగిందా? మధ్యలో మానేసిందేమో?”

త్రివేణి మైకు నొక్కింది. “మాననేదమ్మా. ఆకరి రోజు కూడా తాగినాది. గ్లాసు నానే పట్టినాను.”

బెట్సీ విన్నట్టు గీతలు నీలంగా మారాయి. మళ్లీ ఫోను చేస్తే ఎత్తలేదు. ఇంట్లో మంచం మీద పడి ఏడుస్తోందో, ఆటో ఎక్కి మాంగో వంతెన మీద జామ్‌లో ఇరుక్కుందో ఎలా తెలుస్తుంది?

గోడవారనున్న ఘాట్‌శిలా ఆమె సంచి భుజాన వేసుకుని లేచి నిలబడింది. నర్సు ఆమెను వెంటబెట్టుకుని వచ్చి, రుమాలు అంచు పట్టుకుంది. “బస్ దీదీ. నీ మనిషి రాదు. కుర్సీ ఖాలీ హై.”

త్రివేణి సూది గుచ్చిన చేతిని చాపి అరచేయి రుమాలు మీద ఆనించింది. గొట్టం బిగిసింది. నర్సు “అరే, అరే!” అని వంగింది. కనుబొమలు లేని ముఖం పైకెత్తి త్రివేణి ముందు ఘాట్‌శిలా ఆమెను చూసింది, తర్వాత నర్సును చూసింది. హిందీ మాట ఒక్కటీ గుర్తుకు రాలేదు.

“కాళీ నేదు,” అంది.