బావగారు ఎక్కించిన అంకెలు

మా బావగారికి అన్నీ బాగుంటాయి. ఎండ బాగుంటుంది, వాన బాగుంటుంది, ఆయన భార్య, నా తోడికోడలు, అక్క అని పిలుస్తాను, చప్పగా వండిన కూర బ్రహ్మాండంగా ఉంటుంది. నాకేమో కోపం ముక్కు మీదే. మా ఇద్దరికీ ఒకే ఉక్కు ఫ్యాక్టరీలో, ఒకే కంట్రోల్ రూమ్‌లో ఉద్యోగం. ఆయన కొలిమి నడిపే ఆపరేటర్, నేను లెక్కల ఇంజినీర్ని.

కరిగిన ఇనుములోకి ఆక్సిజన్ ఊదుతారు. ఎప్పుడు ఆపాలో, ఆపితే ఎంత వేడి ఉంటుందో ముందే చెప్పడానికి నేను లెక్కలతో ఒక మోడల్ కట్టాను. ప్రయోగమంతా బావగారి షిఫ్టులోనే. ఊదడం ఆగాక కొలిచే కడ్డీ ముంచి, అసలు వేడి ఎంతో చూసి ఆయన కంప్యూటర్లోకి ఎక్కిస్తారు. తేడా ఎంత వస్తే అంత, మోడల్ తనను తాను దిద్దుకుంటుంది.

రేపటి నుంచి కడ్డీ ఉండదు. మోడల్ ఆపమంటే ఆపి, కొలవకుండానే ఉక్కు దించేస్తారు. అది చల్లగా దిగిందో, అచ్చుల్లో పోయడం పూర్తికాకముందే గడ్డకడుతుంది. అప్పుడు మోడల్‌ని మూలన పడేస్తారు, నా చాకిరీ అంతా నీళ్ళపాలు.

పొద్దున్నే బావగారు ఎక్కించిన అంకెలు చివరిసారి సరిచూశాను. ప్రతిసారీ వేడి మోడల్ చెప్పింది చెప్పినట్టు, అచ్చు గుద్దినట్టు దిగింది. ఒక్క డిగ్రీ అటూ ఇటూ లేదు. ముందు మురిసిపోయాను. మళ్ళీ చూస్తే అనుమానమొచ్చింది. మా కొలిమి అంత బుద్ధిమంతురాలేం కాదు.

"బావగారూ, ఇవి కడ్డీ చూపించిన అంకెలేనా?"

ఆయన టీ గ్లాసు కింద పెట్టారు. "దగ్గర దగ్గర అవేనమ్మా."

"దగ్గర దగ్గరంటే?"

"పదో పదిహేనో తేడా వచ్చేది. ఆ పెద్దాఫీసరు రోజూ చూస్తాడాయె. ఇంటిపిల్లవి, నలుగురిలో నీకు చిన్నతనం ఎందుకని... నీ అంకే ఎక్కించేశాను."

నాకు ఒళ్ళు మండిపోయింది. "కొంప ముంచారు కదండీ! తప్పు చెబితేనే కదా అది నేర్చుకునేది? అంతా బాగుందంటే ఇంకేం దిద్దుకుంటుంది?"

ఆయన ముఖం చిన్నబోయింది. తనే లేచి పెద్దాఫీసరు గదికి వెళ్ళి జరిగింది చెప్పారు. చీవాట్లు మా దాకా వినిపించాయి. పాపం అనిపించింది. సాయంత్రం దాకా వచ్చే కొలతలు చూసి రేపటి సంగతి తేలుస్తానన్నాడు ఆఫీసరు.

మొదటి కొలత బావగారు అనలేక అన్నారు. "పద్నాలుగు తక్కువ."

గదిలో అందరూ నావైపు చూశారు. సిగ్గేసింది, నిజమే. మోడల్ దిద్దుకుంది. తర్వాత తేడా తొమ్మిది, ఆ తర్వాత నాలుగు. సాయంత్రానికి రెండు దాటలేదు.

"ఒట్టు, నిజంగా రెండే" అన్నారు బావగారు. ఆఫీసరు తనే వచ్చి కడ్డీ చూసి, "సరే, రేపు మొదలుపెట్టండి" అన్నాడు. నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది.

ఇంట్లో అందరం భోజనాలకి కూర్చున్నాం. బావగారు ఒక ముద్ద తిని ఆగారు. నావైపు ఒకసారి చూశారు.

"ఉప్పు తగ్గింది" అన్నారు.

అక్క గరిటె గిన్నెలో పెట్టేసింది. "ఇవాళేనా, ఎప్పుడూనా?"

"ఎప్పుడూనే."

"ఓరి నాయనో! మీకు చప్పగా ఉంటేనే ఇష్టమనుకుని, ఇన్నేళ్ళూ నేనూ నోరు కట్టుకుని తింటున్నానండీ!"

నేను ఉప్పు డబ్బా అందించాను. అక్క ముందు తన కంచంలోనే వేసుకుంది.