చలిగదిని ఆపమన్నది ఎవరు

పూలు వాడకుండా ఉంచే చలిగది వారంలో రెండోసారి ఆగిపోయింది. గులాబీ కట్టలు తలలు వాల్చేశాయి. పూల షావుకారు వాటిని చూసి సరుకు లెక్క వేయలేదు, మనిషి లెక్క వేశాడు. గది చూసేది బావమరిది. కాబట్టి తప్పు అతనిదే. కొట్లోంచి పంపేస్తే సరి.

“నేను స్విచ్ ముట్టుకోలేదు బావా. అక్క మీద ఒట్టు.”

“నీ అక్కని నాకు అంటగట్టింది చాలదా, ఇప్పుడు ఒట్టు కూడా పెడతావా?”

గదిని నడిపే షెల్ స్క్రిప్టులు, అంటే కంప్యూటర్‌కి వరసగా పనులు చెప్పే ఫైళ్లు, రాసింది షావుకారు మేనకోడలు. ఆమె కంప్యూటర్ ముందుకు కుర్చీ లాక్కుంది.

“తొందరపడకు మావయ్యా. స్క్రిప్టుల్లో గదిని ఆపే ముక్క, ఫంక్షన్ అంటాం, ఒకటే. దాన్ని పిలిచే చోట్లు బోలెడు. రేపు పొద్దున అది మేలుకోగానే, నిన్ను పిలిచిందెవరని దాన్నే అడుగుదాం.”

“అడిగితే చెబుతుందా? ఇక్కడ నోరున్నవాళ్లే చెప్పరు.”

అది అతని అనుభవం. సరుకు పాడైతే డ్రైవర్ హమాలీని చూపిస్తాడు, హమాలీ గుమాస్తాని, గుమాస్తా ఆకాశాన్ని. చివరికి దగ్గర్లో దొరికినవాడి నెత్తిన రుద్దడమే తీర్పు.

“సరే, రేపటిదాకా,” అన్నాడు.

ఆమె ఆ ఫంక్షన్‌లో నాలుగు ముక్కలు రాసింది. ఇక అది గదిని ఆపదు, తన దాకా వచ్చిన దారిని మాత్రం తెర మీద చూపిస్తుంది.

మర్నాడు పొద్దున ముగ్గురూ తెర ముందు చేరారు. బావమరిది ఎందుకైనా మంచిదని చేతులు రెండూ పైకెత్తి నిలబడ్డాడు.

“దించరా, పట్టుబడ్డ దొంగలా ఆ చేతులేమిటి!”

అంతలో తెర మీద వరసలు పడ్డాయి. మేనకోడలు పైనుంచి చదివింది.

“గదిని ఆపు. దాన్ని పిలిచింది ‘అన్నీ ఆపు’. దాన్ని పిలిచింది ‘పని చెడింది’. దాన్ని పిలిచింది ‘లేబుల్ అచ్చు’. అన్నిటికీ అడుగున ‘పొద్దుటి పని’. ఏ ఫైల్లో ఏ వరసలోంచి పిలిచారో కూడా ఉంది.”

షావుకారు నోరు వెళ్లబెట్టాడు. ఒక్కటీ పక్కదాన్ని చూపించి తప్పించుకోలేదు. తనని ఎవరు పంపారో ఒక్కొక్కటీ చెప్పింది.

“ఇదంతా నిన్న నువ్వు పెట్టిందేనా?”

“నేను అడగడమే నేర్పాను మావయ్యా. ఒక పని ఇంకో పనిని పిలిచినప్పుడల్లా, తిరిగి ఎక్కడికి రావాలో కంప్యూటర్ మెట్లలా ఒకదానిమీద ఒకటి పేర్చుకుంటూనే ఉంటుంది. మొదట్నుంచీ అంతే.”

“ఇన్నాళ్లూ మన కళ్లముందేనా!” గొంతు దానంతట అదే తగ్గింది. “మరి పని అయ్యాక?”

“ఏ పని ముగిస్తే దాని మెట్టు పోతుంది. చివరికి ఏమీ మిగలదు.”

పుట్టి, మోసి, మాయమయ్యే ఆ మెట్ల వరసను అతను రెప్ప వేయకుండా చూశాడు.

“అచ్చు చెడితే అన్నీ ఆపమన్నది నా బుద్ధితక్కువ. దాన్ని దిద్దుతాను,” అంది ఆమె. “అసలు అచ్చు ఎందుకు చెడింది?”

బావమరిది ప్రింటర్ మూత తీశాడు. లేబుల్ చుట్ట ఖాళీ. ఇదివరకటి చుట్ట సాయంత్రం దాకా వచ్చేది. చవగ్గా వస్తున్నాయని ఈ వారం పొట్టి చుట్టలు తెప్పించింది షావుకారే. ఆ మెట్టు తెర మీద లేదు. ఉండక్కర్లేదు కూడా.

“అయితే నేను పోవాలా బావా?”

“నువ్వు ఎక్కడికీ పోనక్కర్లేదురా,” అన్నాడు షావుకారు, చూపు తెర మీదనుంచి తిప్పకుండానే. “అమ్మాయ్, అది ఇంకోసారి నడిపించు. ఈసారి నెమ్మదిగా చదువు.”