తాతారావు మూసిన బెజ్జాలు

నేను ఒక చేపల బండిని. పుట్టుకతో కాదు లెండి. తెల్లరంగు పూసుకుని, వెనక పొడవాటి ట్రాలీతో, పికప్పు వ్యాను అనే హోదాతో కార్ఖానా గేటు దాటిన రోజున నాకు చేప వాసనంటే ఏమిటో తెలియదు. నన్ను మొదట కొన్నది కడియంలో మొక్కలమ్మే ఆసామి. గులాబీ అంట్లు, క్రోటన్లు ఎక్కించుకుని ఊళ్లు తిరిగేదాన్ని. దారిన పోయేవాళ్లు వెనక్కి తిరిగి చూస్తుంటే అది మొక్కల అందమని ఒప్పుకునే వయసు కాదు నాది. మొక్కల మీద చల్లిన నీళ్లు ట్రాలీ నాలుగు మూలలా ఉన్న చిన్న బెజ్జాల్లోంచి ఎప్పటికప్పుడు కారిపోయేవి. ఒంట్లో చుక్క నిలిచేది కాదు.

ఆసామి పెద్ద లారీ కొనుక్కుని నన్ను అమ్మేశాడు. అలా ఉప్పాడ ఒడ్డుకు, తాతారావు చేతికి వచ్చాను.

తాతారావు బండి నడిపేవాడు. అతని భార్య నూకరత్నం చేపలమ్మేది. తెల్లవారుతూనే ఒడ్డున వేలం పాడుకున్న చేపల్ని టబ్బుల్లో పోసి, ఊకలో దాచిన ఐసు కొట్టి పైన పరిచి, కాకినాడ మార్కెట్టుకు తీసుకుపోయేవారు. ముందు సీట్లోకి రమ్మని మొగుడు ఎంత బతిమాలినా ఆవిడ ఎక్కేది కాదు. “నేను ముందు కూకుంటే నా సేపల్నెవరు సూత్తారు?” అని వెనక టబ్బుల మధ్యనే కూర్చునేది. గతుకు వస్తే చాలు, అద్దం మీద కొట్టి మొగుణ్ణి తిట్టేది. ఆ తిట్లు వినబడని రోజు నాకు రోడ్డు మీద పోతున్నట్టే ఉండేది కాదు.

కొన్నాళ్లకు ఊకా, పొలుసులూ చేరి నా మూలల బెజ్జాలు పూడుకుపోయాయి. ఉప్పునీరు నిలిచింది. నిలిచినచోటల్లా రేకును తినడం మొదలుపెట్టింది. ముందు గోధుమరంగు మచ్చలు, తర్వాత పొక్కులు, ఆ తర్వాత కిందనున్న రోడ్డు కనబడేంత కన్నాలు. తాతారావు వాటి మీద గోనెసంచి పరిచాడు. కప్పిపెడితే లేనట్టేననుకోవడం మనుషులకు మాత్రమే తెలిసిన వైద్యం.

ఒక ముసురురోజు నూకరత్నం టబ్బు లాగుతూ గోనెసంచి మీద అడుగేసింది. కాలు పిక్కదాకా దిగబడిపోయింది. తుప్పు అంచు చర్మాన్ని చీరేసింది. “నీ బండి నన్ను కరిసింది మావా!” అని నవ్వేసి, పసుపు అద్ది గుడ్డ కట్టుకుంది. ఆ కాలితోనే మార్కెట్టులో చేపనీళ్లలో నిలబడి బేరాలు చేసింది. ఆవిడకు షుగరు. పుండు మానలేదు, నల్లబడింది. చివరికి జ్వరంతో ఒళ్లు తెలియని స్థితిలో ఆస్పత్రిలో చేర్చారు. రెండు రోజులకు తేరుకుంది. ఇలాగే ఉంటే త్వరలో ఇంటికి పంపుతామని డాక్టర్లు చెప్పారు.

ఆ మాట విని వచ్చిన తాతారావు, ఆవిడ దగ్గర వదినను ఉంచి, ఇంటిముందు నా మరమ్మతు మొదలుపెట్టాడు. ఆవిడ వచ్చేలోగా నా ఒంటి మీద కన్నమనేది ఉండకూడదు. అదొక్కటే అతని పట్టుదల. నూకరత్నం తమ్ముడు వీరాస్వామి బోట్లకు వెల్డింగు చేస్తాడు. మిషనుతో అతనూ వచ్చాడు.

“పైన అతుకేత్తే సరిపోద్ది బావా. కొయ్యడమెందుకు?”

“కుళ్లింది ఉంచి పైన కప్పితే అదీ గోనిసంచే అవుద్దిరా. కొయ్యి.”

ట్రాలీ రేకునంతా సుత్తితో కొట్టి చూసుకుంటూ వచ్చారు. గట్టిగా మోగినచోట వదిలేశారు, డొల్లగా పలికినచోటల్లా కోసి తీసేశారు. పాత నూనెడ్రమ్ము చీల్చి, సాపు చేసి, కొలతకు ముక్కలు కత్తిరించి అతికించారు. అతుకుల మీద లప్పం పెట్టి నున్నగా రుద్దారు. ఇంత శ్రద్ధగా నన్ను ముట్టుకున్న చేతుల్ని కార్ఖానాలో కూడా చూడలేదు నేను. ఆ శ్రద్ధకు కారణం తెలిసి ఏడుపొచ్చేది.

మూలలు గీకుతుంటే పూడుకుపోయిన బెజ్జాలు బయటపడ్డాయి.

“ఇయ్యి తుప్పుయి కావు బావా. నీళ్లు పోడానికి కంపెనీవోడే పెట్టేడు. వొదిలేద్దాం.”

“మూసెయ్యి.”

“సిటికినేలు కూడా దూరదు గదా.”

“దూరకూడదు. మీ అక్క బండెక్కేసరికి దాని కంటికి బెజ్జం కనపడకూడదు. మూసెయ్యరా అంటుంటే!”

వీరాస్వామి మూసేశాడు. అది పొరపాటని నాకు తెలుసు. కానీ ప్రేమతో చేస్తున్న పొరపాటును ఆపడం నోరున్నవాళ్లకే చేతకాలేదు, నాకేం చేతనవుతుంది?

తుప్పు పట్టకుండా ఎర్రరంగు రెండుసార్లు పూశారు. తాతారావు భార్యకు ఫోను చేసి ఆ సంగతంతా చెప్పాడు. అవతలి నుంచి నీరసంగా, అయినా వెటకారంగానే మాట వచ్చింది. “సేపలేసే బండికి పారాణెట్టేవేటి మావా?” తాతారావు పగలబడి నవ్వాడు. అతను నవ్వగా నేను విన్నది అదే ఆఖరు.

పైన వేసిన నల్లరంగు ఆరిన రోజునే వదిన ఫోను చేసింది. విషం రక్తంలోకి పాకిందట. తాతారావు నన్ను పరుగులు పెట్టించాడు. అతను చేరేసరికి నూకరత్నం లేదు.

బంధువులు ఆస్పత్రి గుమ్మంలో చుట్టూ చేరారు. “సేపల బండిలో ఏటి బావా, వేరే బండి మాటాడతాను,” అన్నాడు వీరాస్వామి.

“దానికోసమే బాగుసేసేను. దీంట్లోనే వొత్తాది,” అన్నాడు తాతారావు.

కొత్త నేల మీద చాప పరిచి ఆవిణ్ణి పడుకోబెట్టారు. గతుకులన్నీ తప్పించుకుంటూ నెమ్మదిగా నడిపాడు. అయినా ఒకచోట చక్రం గోతిలో పడింది. అద్దం మీద ఎవరూ కొట్టలేదు.

కొడుకు పోలరాజు వేటకు వెళ్లి సముద్రం మీద ఉన్నాడు. బోటు యజమాని కబురు అందించాడు. వాడు వచ్చేదాకా తల్లిని ఉంచాలి. ఐసు ఎలా పెట్టాలో ఆ వీధిలో ఎవరికీ నేర్పక్కర్లేదు. ఇంటిముందు పందిరి కింద నన్ను నిలిపి, ఆవిడకు రెండువైపులా దిమ్మలు పేర్చారు.

ఎండెక్కింది. ఐసు కరిగింది. ఆ నీళ్లు పోవడానికి నాలో దారి లేదు. చాప తడిసింది, చీర తడిసింది, బంతిపూలు తేలి జుట్టులో చిక్కుకున్నాయి. ఆడవాళ్లు ఏడుస్తూనే చెంబులతో తోడారు. తోడినకొద్దీ ఊరింది. ఆవిడ వీపు కింద నీళ్లు నిలబడుతుంటే నేనేం చేయను? నన్ను అంత బాగా మూసేశారు.

తాతారావు చూశాడు. లోపలికి వెళ్లి శానం, సుత్తి తెచ్చాడు. ట్రాలీ ఎక్కి ఆవిడ కాళ్ల దగ్గర మోకాళ్ల మీద కూర్చుని, మూలన తాను రంగు వేసిన రేకు మీదే శానం పెట్టి కొట్టాడు. ఏడుపులు ఆగిపోయాయి. దెబ్బ మీద దెబ్బ వేశాడు. రేకు చిరిగింది. నీళ్లు సుడి తిరిగి ఇసుకలోకి పోయాయి.

“నువ్వు సెప్పేవు గదరా,” అన్నాడు బావమరిదితో.

“వొదిలెయ్ బావా,” అంటూ వీరాస్వామి అతని చేతిలోని సుత్తి తీసుకున్నాడు.

మధ్యాహ్నం దాటాక పోలరాజు ఒడ్డునుంచి తడిబట్టలతోనే పరిగెత్తుకొచ్చాడు. ఆవిణ్ణి నా మీదనుంచి దించుకుని తీసుకెళ్లారు.

ఆ తర్వాత నాలో చేపలు ఎక్కలేదు. కొన్నేళ్లకు పిఠాపురం నుంచి పాత ఇనుము కొనేవాడు ఒకడు వచ్చి నా తలుపు తడితే తలుపు ఊడింది, బానెట్టు నొక్కితే చిల్లు పడింది. ట్రాలీ నేల మీద కొట్టి మాత్రం ఆశ్చర్యపోయాడు. “ఇదేంటండీ, ఇది ఇంకో పదేళ్లుంటాది!” అన్నాడు. తాతారావు అమ్మనన్నాడు.

సముద్రపు గాలి నన్ను ముందునుంచి కొరుక్కుంటూ వస్తోంది. శానం దెబ్బ తిన్న ఆ మూల తప్ప నేల మాత్రం చెక్కుచెదరలేదు. కొన్ని సాయంత్రాలు తాతారావు చెప్పులు విప్పి నా మీదికి ఎక్కుతాడు. ఆవిడ కూర్చునే చోటునుంచి మొదలుపెట్టి అంగుళం వదలకుండా కాలు మోపి, బరువంతా వేసి నొక్కి చూస్తాడు. ఎక్కడా దిగబడదు. దిగబడలేదని తెలిసినకొద్దీ ఇంకా గట్టిగా నొక్కుతాడు.