జ్ఞాపకం నుంచి గీసిన ముఖం

ముప్పై నాలుగేళ్లు కాపురం చేసిన భర్తకు భార్య గురించి తెలియనిదేదీ ఉండదని లోకం నమ్మకం. రైల్వే హైస్కూల్లో సైన్సు బోధించి రిటైరైనదాన్ని. పరీక్షకు నిలవని మాటను నమ్మే అలవాటు నాకు లేదు. ఈ ఒక్క మాటను మాత్రం ఏనాడూ పరీక్షకు పెట్టలేదు.

రొమ్ముకు ఆపరేషన్ అయినప్పటినుంచి, న్యూ టౌన్ ఆసుపత్రిలో డాక్టరమ్మ నన్నడిగే ప్రతి ప్రశ్నకూ నా భర్త సాల్మన్ రాజే జవాబు చెప్పేవాడు. తింటోందనీ, నిద్రపోతోందనీ, నొప్పి పెద్దగా లేదనీ. సంత్రాగాఛిలో మా ఇల్లు చేరాక వంటింటి పై అరలోని గిన్నె అందుకోలేక, చెయ్యి సగంలోనే ఆగిపోయి, నొప్పి సంగతి చెప్పవలసిందని నేనంటే, "నీ సంగతి నాకు తెలీదేటి విజయా?" అనేవాడు. బొమ్మలెయ్యడానికున్న ఓపిక చేపల పులుసుకి రాదేమని కూడా అడిగేవాడు.

శనివారాలు ఆసుపత్రిలో రోగులచేత బొమ్మలు వేయిస్తారు. బొమ్మ వేస్తే బాధ తగ్గుతుందన్న మాట మీద నాకు అనుమానమే. కానీ ఆ రెండు గంటలు నన్నెవరూ టీ అడగరు.

ఒక శనివారం కీమో నీరసం వల్ల ఆయన తోడు రావలసి వచ్చింది. బొమ్మలు వేయించే రీనా, రోగినీ తోడు వచ్చినవారినీ వీపులానించి కూర్చోబెట్టి, వెనక్కి తిరగకుండా ఒకరి ముఖం ఒకరు గీయమంది.

నేను ఆయన ఎడమ చెవి కింది పులిపిరి, కనుబొమ్మలో నెరిసిన మూడు వెంట్రుకలు, పై పెదవి మీది గాటు గీశాను. ఆయన కాగితం మీద ఒక చీర నిలబడి ఉంది. చేతిలో కప్పు, దానికి విరిగిన పిడి, పైన ఆవిరి. పెద్ద ముడి. నా జుట్టు రాలి నాలుగు నెలలైంది. ముడి కింద, ముఖం ఉండవలసిన చోట, ఖాళీ సున్న.

ముఖమేదని రీనా బెంగాలీలో అడిగింది. ఆయన నవ్వి, నాతో తెలుగులో అన్నాడు.

"రోజూ సూసే మొకవే కదా, గుర్తెట్టుకోడానికేటుంది?"

అందులో ఎగతాళి లేదు. జుట్టు రాలినప్పటినుంచి నేను అద్దం చూడటం మానేశాను. నా బదులు ఆయన చూస్తున్నాడనుకున్నాను.

సోమవారం డాక్టరమ్మ గది ముందు ఆయనను బయటే కూర్చోమని, తలుపు నేనే వేశాను. నొప్పి పదికి ఎంతని ఆమె అడిగారు. ఎనిమిదన్నాను. ఎప్పటినుంచని అడిగారు. మార్చి నుంచన్నాను. మార్చి నుంచి ప్రతి చీటీలోనూ రెండు అని ఉంది. ఆమె ఆనాటి చీటీలో ఎనిమిది అని రాసి, మందు మార్చారు.