సాయంత్రమైతే సూడు

సాయంత్రం అయిదున్నరకి రఘునాథన్ ఆఫీసు నుంచి వస్తాడు. చెప్పులు విప్పి, కాళ్ళు కడుక్కుని, వరండాలో కిటికీ పక్కనున్న కుర్చీలో పేపరు పట్టుకుని కూర్చుంటాడు. భార్య మహాలక్ష్మి కాఫీ తెచ్చి ఎదురుగా స్టూలు మీద పెడుతుంది. ఎప్పుడో మధ్యాహ్నం కలిపిన కాఫీ, పూర్తిగా చల్లారిపోయి ఉంటుంది. ఆయన దానికేసి కాసేపు చూస్తాడు. పొగలు లేస్తాయి. అప్పుడు తాగుతాడు.

ఆయన చూపు అలాంటిది. ముసురు పట్టినప్పుడు వీధిలో ఆడవాళ్ళు తడి వడియాల పళ్ళేలు పట్టుకొచ్చి, "అన్నా, ఒక్క పది నిమిషాలు సూడన్నా" అని ఆయన ముందు పెట్టి, కబుర్లాడి, ఎండిన వడియాలు తీసుకుని పోతారు. తాలూకా ఆఫీసులో ఆయన ఏ కాగితాన్నీ రెండోసారి చదవడు. చదివితే అంచులు ఎర్రబడతాయి. అందుకని ఆయన బల్ల మీద ఫైలు ఆగదు, అంత చురుకైన గుమాస్తా పుదుచ్చేరి మొత్తంలో లేడని పేరొచ్చేసింది. పెళ్ళిచూపుల్లో మటుకు పెద్దవాళ్ళు దగ్గుతున్నా వినిపించుకోకుండా మహాలక్ష్మిని కాస్త ఎక్కువసేపే చూశాడు. ఆమె ఎడమ చెంప మీద కందిగింజంత మచ్చ పడింది. ఏ పెళ్ళికి వెళ్ళినా, ఏ పేరంటానికి వెళ్ళినా ఆమె మొహమంతా పౌడరు రాసుకుంటుంది గానీ ఆ మచ్చ మీద రాయదు.

ఇలాంటి మనిషి కన్నకూతురికేసి మాత్రం చూడడు. ఎంత అన్యాయమో చూడండి! అభినయకి ఇరవై ఏళ్ళొచ్చాయి. ఆ ఇరవై ఏళ్ళూ ఆయన ఆమెతో గడపకేసి చూసి మాట్లాడాడు, గోడకేసి చూసి మాట్లాడాడు, పరీక్ష పాసయినప్పుడు గోడమీది క్యాలెండరుకేసి చూసి "శబాష్" అన్నాడు. చిన్నప్పుడు ఆ పిల్ల అద్దం ముందు నిలబడి నుదురూ చెంపలూ గడ్డమూ వెతుక్కునేది, అమ్మకున్నట్టు తనకీ ఎక్కడైనా ఒక మచ్చ ఉందేమోనని. లేదు. పెద్దయ్యాక వెతకడం మానేసి, కంప్యూటరులో కారు పందేలు ఆడటం మొదలుపెట్టింది.

ఏదో పొద్దుపోక ఆడే ఆట కాదది. ఆ ఆదివారం విల్లియనూరు రోడ్డులో ఒక కల్యాణ మండపంలో పోటీ. మొదట నిలిచినవాళ్ళకి చెన్నైలో ఆటలు తయారుచేసే కంపెనీలో ఉద్యోగం. రోజంతా ఆట ఆడి, ఎక్కడ తప్పుందో చెప్పాలి.

"ఆడితే జీతమిస్తారా?" అని మహాలక్ష్మి రెండు రోజులు నోరు తెరుచుకునే తిరిగింది.

ఎవరి మిషన్ వాళ్ళే తెచ్చుకోవాలని పోటీవాళ్ళ షరతు. సరిగ్గా అప్పుడే అభినయ మిషనుకి రోగం పట్టుకుంది. ఆట మొదలైన అరగంటకి తెరమీద ఆకుపచ్చ గళ్ళు లేచేవి. రోడ్డు మాయం, కారు మాయం, తెర నలుపు. బొమ్మల్ని తయారుచేసే గ్రాఫిక్స్ కార్డు కాగిపోతోంది. తెర మూలన దాని వేడి చూపించే అంకె ఒకటి పెట్టుకుంది అభినయ. ఓ సాయంత్రం ఆ అంకె నూట ఐదైంది.

"నూట ఐదా!" మహాలక్ష్మి చేతిలో గరిటె జారి పడింది. "నూట నాలుగొస్తేనే బిడ్డ దక్కుతుందా అని ఏడ్చినామే!"

"ఏ బిడ్డమ్మా?"

"ఎవరో లే. యాడిదో పాత మాట."

సర్వీసు షాపు నుంచి నాగకుమారి వచ్చింది. యానాం పిల్ల, ఊరికి వచ్చి నాలుగు నెలలైంది. ఇంటివాళ్ళ నోట తెలుగు విని ఆమె, ఆమె నోట 'అండి'లు విని వీళ్ళు ఒకళ్ళనొకళ్ళు చూసి విస్తుపోయారు. పొద్దున పదకొండింటికి పెట్టె పక్క రేకు విప్పి, "ఓర్నాయనో! ఇందులో పరుపు కుట్టచ్చండి!" అంది. కార్డు ఫ్యాను రెక్కల మధ్య అంత దుమ్ముంది. బ్రష్షుతో దులిపి, గాలి కొట్టి, గంటసేపు ఆట నడిపించింది. అరవై రెండు దాటలేదు. సాయంత్రం ఆరింటికి మళ్ళీ నూట ఐదు.

మర్నాడు పొద్దున్నే మళ్ళీ వచ్చింది. ఈసారి కార్డు ఊడదీసి, చిప్పు మీద సున్నంలా ఎండిపోయిన పాత పేస్టు గీకి, బియ్యపు గింజంత కొత్త పేస్టు పెట్టి, ఫ్యానే మార్చేసింది. అరవై. "ఇంక ఢోకా లేదండి" అని స్లిప్పు మీద తెలుగులో రాసిచ్చి పోయింది. ఆ ఇంట్లో తెలుగు చదవడం ఎవరికీ రాదు, తీసి మేకుకి గుచ్చారు. సాయంత్రం నూట ఏడు!

అభినయ ఏడవలేదు. కీబోర్డు మీద తల పెట్టుకుని, "ఆదివారానికి ఇంక మూడు దినాలే" అంది. అంతే.

శుక్రవారం పొద్దున మహాలక్ష్మి షాపుకి ఫోను చేసింది. ఇక్కడొక సంగతి చెప్పాలి. తమిళంలో వేడిని సూడు అంటారు. తాతల తాతల నాటినుంచి పుదుచ్చేరిలో ఉంటున్న వీళ్ళింటి తెలుగులోకి ఆ మాట ఎప్పుడో వచ్చి కూర్చుంది. యానాం పిల్లకి మాత్రం సూడు అంటే చూడటమే, ఇంకోటి తెలీదు.

"పాపా, కార్డు మళ్ళా సూడు" అంది మహాలక్ష్మి ఫోనులో. "పొద్దున కాదు, సాయంత్రమైతే సూడు. ఊరికే సూడు!"

నాగకుమారి ఫోను పెట్టేసి నిర్ఘాంతపోయింది. ఎంత అజమాయిషీ! పొద్దున రావద్దట, సాయంత్రం రావాలట, వచ్చి ఏమీ ముట్టుకోకుండా ఊరికే చూడాలట! అయినా కస్టమరు కస్టమరే కదా, సాయంత్రం పావుతక్కువ ఆరుకి వచ్చి, స్టూలు లాక్కుని, చేతులు కట్టుకుని కూర్చుంది.

"ఏందక్కా, స్క్రూడ్రైవరు తీయవా?" అంది అభినయ.

"మీ అమ్మగారు ఊరికే సూడమన్నారండి. సూత్తన్నాను."

అభినయ ఆట మొదలుపెట్టింది. అరవై. అరవై ఆరు. డెబ్భై తొమ్మిది. నాగకుమారి చెయ్యి చాపి పెట్టె పక్క రేకు ముట్టుకుని, చురుక్కుమని వెనక్కి లాక్కుంది. తర్వాత లోపల చెయ్యి పెట్టి చూసింది. మళ్ళీ బయట పెట్టింది.

"ఇదేంటండీ! లోపల కంటే బయటే ఎక్కువ కాలుతోంది!"

కార్డు కాగితే లోపలినుంచి బయటికి రావాలి వేడి. ఇది బయటినుంచి లోపలికి పోతోంది. నాగకుమారి లేచి గాలిలో అరచెయ్యి ఆడించింది. ఒక చోట వెచ్చగా తగిలింది. ఆ వెచ్చదనం వెంబడే ఒక్కో అడుగూ వేసుకుంటూ, అభినయ భుజం పక్కనుంచి, కుర్చీ వెనకనుంచి, గది దాటి కిటికీ దాకా పోయింది. కిటికీ అవతల రఘునాథన్ పేపరు చదువుతున్నాడు. పేపరు నడిమధ్యన, అంచులు మాడిన రెండు బొక్కలున్నాయి. ఆ బొక్కల వెనక రెండు కళ్ళున్నాయి.

"ఓహో, చూపు వేడా" అంది నాగకుమారి. "అయితే మీ కార్డు బాగానే ఉందండి." జేబులోంచి స్లిప్పు తీసి అలాగే రాసుకుంది.

ఆ చూపు సంగతి ఆ ఇంట్లో ఎవరికి తెలీదు గనక! కానీ ఆయన ఇటు చూస్తాడని ఎవరనుకుంటారు? మహాలక్ష్మి గుండెమీద చెయ్యేసుకుంది. "రోజూ పేపరుకి బొక్కలు పడతా ఉంటే ఏదో ఒక వార్త దగ్గర ఆగిపోతాడనుకున్నానే!"

అభినయ కుర్చీలోనే కిటికీకేసి తిరిగింది. "నాయనా... నువ్వు నా ఆట సూస్తావా?"

రఘునాథన్ పేపరు మడిచి గడపకేసి చూశాడు.

"ఆట కాదు" అన్నాడు. "ఆట నాకేం తెలుసు. నిన్నే."

మడిచిన పేపరుని మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు.

"నువ్వు పుట్టిన మూడో దినం సూసినాను. మొదటి బిడ్డ కదా, కడుపు నిండా సూసినాను. సాయంత్రానికి నీకు నూట నాలుగు జ్వరం. ఆరు దినాలు ఆస్పత్రిలో పెట్టినాము. ఆ దినం అనుకున్నా, ఇంక ఎదురుగా సూడకూడదని." పేపరుని ఇంకో మడత మడిచాడు. "ఎనక నించి అయితే జడ అడ్డం ఉంటుంది కదా. నువ్వు పలక పట్టుకుని బడికి పోయేటప్పుడు ఎనక నిలబడి సూస్తా ఉంటి. ఇప్పుడు ఈ డబ్బా ముందర రెండు గంటలు కదలకుండా కూర్చుంటావు. ఇంతసేపు నాకు ఎప్పుడూ దొరకలేదు."

నాగకుమారి వెళ్ళి అభినయ జడ మెల్లగా పైకెత్తింది. మెడ వెనక, జుట్టు మొదలయ్యే చోట, కందిగింజంత కాదు, అరచెయ్యంత మచ్చ! గోధుమరంగులో, ఏళ్ళతరబడి పొరమీద పొర పడ్డట్టు.

"అయ్యో దేవుడా!" మహాలక్ష్మి కూలబడింది. "ఎండకి నల్లబడిందనుకుని ఎన్ని ఆదివారాలు శనగపిండి పెట్టి రుద్దినానో!"

అభినయ చెయ్యి వెనక్కి పోనిచ్చి ఆ మచ్చని తడుముకుంది. చిన్నప్పుడంతా అద్దం ముందు నిలబడి వెతికింది, వెనక్కి తిరగాలని మాత్రం తోచలేదు. అప్పుడు ఏడ్చింది. వెక్కి వెక్కి ఏడ్చింది.

రఘునాథన్ తనే లేచి కిటికీ తలుపులు మూసేశాడు. శనివారం సాయంత్రం వంటింట్లో, గోడకేసి తిరిగి కాఫీ తాగాడు. కార్డు అరవై ఒకటి దాటలేదు. అభినయ కారు మాత్రం ప్రతి మలుపులోనూ గోడకి గుద్దుకుంది. నిమిషానికోసారి వెనక్కి తిరిగి మూసిన కిటికీని చూస్తుంటే కారు ఎలా నడుస్తుంది?

ఆదివారం మండపం పెళ్ళివారిల్లులాగే ఉంది. వేదిక మీద వధూవరుల కుర్చీలు పక్కకి జరిపి, వరసగా బల్లలు వేశారు. పాతికమంది మగపిల్లల మధ్య అభినయ ఒక్కతే ఆడపిల్ల. మహాలక్ష్మితో పాటు నాగకుమారి కూడా చూడటానికొచ్చింది. రఘునాథన్ ఆటోలో మిషను తెచ్చి, వైర్లు తగిలించేదాకా ఉండి, "నేను బయట ఉంటా" అని నేలకేసి చూసి చెప్పి వెళ్ళిపోయాడు. అభినయ నిన్నట్లాగే వెనక్కి తిరిగి చూస్తూ, గోడలకి రాసుకుంటూనే ఎలాగో నెట్టుకొచ్చింది. మధ్యాహ్నానికి ఆమే, ఇంకో కుర్రాడూ మిగిలారు. చిట్టచివరి పందెం, పది చుట్లు.

అభినయ లేచి బయటికి నడిచింది. నిర్వాహకులు "టైమైపోతోంది!" అని కేకలేస్తున్నారు. రఘునాథన్ స్కూటర్ల స్టాండు దగ్గర గోడకేసి తిరిగి కూర్చుని ఉన్నాడు. అక్కడ గోడమీద పోస్టరు అంచులు ముడుచుకుపోతున్నాయి.

"లోపలికి రా నాయనా."

"వద్దమ్మా. సూడు ఎక్కువైతే డబ్బా ఆగిపోతుంది. గెలిచే దాన్ని చెడగొట్టమంటావా?"

"నా ఎనకనే కూర్చో. డబ్బాకి నేను అడ్డం ఉంటా."

చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది. తన కుర్చీ వెనక కుర్చీ వేసి కూర్చోబెట్టింది. బల్లమీది పెట్టెని దించి, తన మోకాళ్ళ ముందుకి, తన ఒంటి చాటుకి జరిపింది. జడ చుట్టి ముడి పెట్టి, పెన్సిలు గుచ్చింది. మెడ మీద ఒక్క వెంట్రుక లేదు.

"ఇప్పుడు సూడు."

పందెం మొదలైంది. రెండో చుట్టుకి మెడ వెచ్చబడింది. అయిదో చుట్టుకి మంట. ఏడో చుట్టుకి అభినయ పళ్ళు బిగించింది, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, చేతులు మాత్రం వణకలేదు. పక్కన నిలబడ్డ నాగకుమారి తెర మూలకే కళ్ళప్పగించి, "అరవై ఒకటండీ... అరవై ఒకటేనండీ..." అని జపం చేస్తోంది. మెడమీద ఆ మంట ఉన్నంతసేపూ అభినయకి వెనక్కి తిరిగి చూడాల్సిన పని పడలేదు. పదో చుట్టు ఆఖరి మలుపులో కారు గోడకి జానెడు దూరంలో తిరిగి, గీత దాటింది.

మండపమంతా లేచి అరిచింది. మహాలక్ష్మి మాత్రం పక్కావిడ చెయ్యి పట్టుకుని, "ఆడితే జీతమిస్తారంట!" అని ఇంకా నమ్మలేకుండా చెబుతోంది.

అభినయ కుర్చీతో సహా వెనక్కి తిరిగింది. రఘునాథన్ చటుక్కున తల దించేశాడు. ఆమె కిందికి వంగి, ఆయన మోకాళ్ళ మీద చేతులు పెట్టి, ఆయన చూపు పడే చోట తన మొహం పెట్టింది.

"జ్వరమొస్తే మాత్ర వేసుకుంటా. నేనేమన్నా మూడు దినాల బిడ్డనా? సూడు నాయనా."

ఆయన చూశాడు. ఈసారి ఎవరూ దగ్గలేదు.

ఆ రాత్రి ఆమెకి జ్వరం తొంభై తొమ్మిదే వచ్చింది. బుధవారం పొద్దున చెన్నై బస్సెక్కేముందు అద్దం ముందు నిలబడి, మొహమంతా పౌడరు రాసుకుంది. ఎడమ చెంప మీద కందిగింజంత చోట మాత్రం రాసుకోలేదు.